లింగోచ ఆడిన మా ఫస్ట్ ఫ్లోర్ అవ్వ

అవ్వ పోయిందన్న కబురు నాకు పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు, పిల్లలు చెప్పారు. పోయిన నెలలో ఒక పొద్దున మా అమ్మాయి చిన్నిని స్కూలు బస్సు ఎక్కించడానికి గేటు దగ్గరికి వెళ్ళాను. రోజూ బ్యాగులతో ఒకళ్ళనొకళ్ళు బాదుకుంటూ ఉండే పిల్లలంతా ఆ రోజు ఒక్కచోట ముడుచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు, ఆరో క్లాసు కుర్రాడు, నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, అవ్వ చనిపోయింది. నిద్రలోనే పోయిందంట" అన్నాడు. నాకు ధైర్యం చెప్పాల్సిన బాధ్యత తనదే అయినట్టు, "నిన్న సాయంత్రం కూడా ఆడింది ఆంటీ. వాళ్ళ టీమే గెలిచింది" అన్నాడు.

తర్వాత అవ్వ వాళ్ళింటికి వెళ్ళి, వచ్చినవాళ్ళు చెప్పుకునే మాటలు చాలా విన్నాను. పుణ్యాత్మురాలనీ, ఎవరి చేతా చేయించుకోకుండా పోయిందనీ. అవన్నీ నిజమే. కానీ ఆ పిల్లవాడు చెప్పిన రెండో మాట అంత బాగా ఎవరూ చెప్పలేదు. ఆమెను ఎరగని మీకు ఆ మాట ఎందుకంత బాగుందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

కోకాపేటలో మేముండే టవర్లు లేచింది అవ్వ వాళ్ళ చేను మీదే. వాళ్ళూ పక్కనున్న మరికొన్ని కుటుంబాలవాళ్ళూ భూమి ఇస్తే బిల్డరు వాళ్ళ వాటాకి ఫ్లాట్లు ఇచ్చాడు. ఎంత పైకి వెళ్తే అంత గొప్ప అని అందరూ పై అంతస్తుల కోసం పట్టుబడితే, ఈమె మాత్రం పెద్దకొడుకుతో కొట్లాడి మొదటి అంతస్తు తీయించుకుందట. "పైన గూసుంటె మనుషులు చీమల్లెక్క కనవడ్తరు. చీమలతోని ఏం ముచ్చట పెడ్తం బిడ్డా?" అనేది.

మేం మూసాపేటలో అద్దె వాటా ఖాళీ చేసి తొమ్మిదో అంతస్తులో చేరిన కొత్తల్లో ఆమెను లిఫ్టులో కలిశాను. జరీ అంచు నేతచీర, నుదుటి మీద పచ్చబొట్టు, కాళ్ళకి మాత్రం మనవడు వదిలేసిన నీలంరంగు స్పోర్ట్స్ బూట్లు. ఏ ఊరు మీది అని అడిగింది. "తెనాలి దగ్గరండి" అన్నాను. ఆమె మెడ తిప్పి వెనక్కి చూసింది. "అండి అంటె నన్నేనా? నా ఎనక ఇంకెవలన్న ఉన్నరేమో అనుకున్న!" అని పకపకా నవ్వింది. అవ్వా అని పిలవమంది. పిలిచాను గానీ నా నోటికి అండి వదల్లేదు. 'అవ్వా, చెప్పండి' అన్నప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూసే ఆ ఆట చివరిదాకా ఆడింది.

ఆమెను మరీ సాధుమూర్తిని చేసి చెప్తే నాకే నవ్వొస్తుంది. మా టవర్‌లో అన్నిటికన్నా పెద్ద మోత ఆమె టీవీదే. సీరియల్లో అత్తగారు గొంతెత్తితే ఈమె అంతకన్నా గట్టిగా తిట్టేది. ఇంటి తలుపు పగలంతా బార్లా తీసే ఉండేది. బాల్కనీలోంచి కిందనున్న డ్రైవర్లతో, కూరగాయల బండివాడితో, ఎవరో తెలియని డెలివరీ అబ్బాయితో కూడా ముచ్చట పెట్టేది. అన్నిటికీ మించి, ఆటలో తొండి చేసేది. అది కూడా ఏ మాత్రం సిగ్గు లేకుండా.

ఆట సంగతికి వస్తాను. మా వెనకవైపు డ్రైవ్‌వేలో కార్లు రాని మూల ఒకటుంది. సాయంత్రమైతే పిల్లలు అక్కడ చేరేవాళ్ళు. ఒకరోజు టెన్నిస్ బంతి ఎగిరి అవ్వ బాల్కనీలో ఎండబెట్టిన మిరపకాయల మీద పడింది. కొట్టింది చిన్ని. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. భయపడుతూ పైకి వెళ్ళింది, ఎంతకీ రాలేదు. నేను వెతుక్కుంటూ వెళ్తే ఇద్దరూ నేలమీద కూర్చుని, చాక్‌పీసుతో గళ్ళు గీసి, చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుతున్నారు. బంతి తిరిగి ఇవ్వాలంటే ఒక ఆట ఆడాలట, అది అవ్వ పెట్టిన రూలు. చిన్ని ఏడుపు మొహంతో, "అమ్మా, అవ్వ నా కాయని కొంగుతో పక్కకి జరిపేసింది!" అంది. "నేనెక్కడ జరిపిన? గాలికి పోయింది" అంది అవ్వ. ఇంట్లో ఫ్యాన్ కూడా తిరగడం లేదు.

ఆ వారం బంతులు అవ్వ బాల్కనీలో పడటం బాగా ఎక్కువైంది. పొరపాటున పడుతున్నవి కావని మిరపకాయలు తీసేసినప్పుడే ఆమెకి తెలిసిపోయిందనుకుంటాను. తర్వాత కొద్దిరోజులకి ఆమే కిందికి దిగింది.

పిల్లలకి ఆమె నేర్పిన ఆట లింగోచ. మా వైపు ఏడుపెంకులాట అంటాం. ఏడు పెంకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, బంతితో కొట్టి పడేసి, అవతలి జట్టు మనల్ని బంతితో కొట్టేలోపు మళ్ళీ పేర్చాలి. పేర్చగానే 'లింగోచ' అని అరవాలి. ఆ అరుపు ఎంత గట్టిగా ఉంటే అంత గెలిచినట్టు. మా దగ్గర పెంకులెక్కడివి? ఎవరి ఫ్లాటులోనో ఇంటీరియర్ పని జరుగుతుంటే పారేసిన టైల్స్ ముక్కలు తెచ్చుకున్నారు. అవ్వ పరిగెత్తలేదు కాబట్టి ఆమె బదులు ఒక పిల్లవాడు పరిగెత్తేవాడు. కొట్టడం మాత్రం ఆమే. చెయ్యి ఒక్కసారి వెనక్కి తీసి వదిలిందంటే పెంకులు చెల్లాచెదురు. చిన్నప్పుడు జొన్నచేలో పిట్టల్ని తోలిన చెయ్యి అది. పేర్చే సమయానికి ఒక్కోసారి ఒక పెంకు మాయమయ్యేది. అవతలి జట్టువాళ్ళు దానికోసం గోల గోలగా వెతుకుతుంటే అవ్వ ఆకాశంలోకి చూస్తూ దానిమీద కూర్చుని ఉండేది.

ఈ సంతోషానికి అడ్డం వచ్చింది కొత్త కమిటీ. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను. లిఫ్టులు బాగుచేయించారు, నీళ్ళ ట్యాంకర్ల గొడవ తీర్చారు. కానీ పిల్లలు ఆడుకోవడం కూడా బాగుచేయాల్సిన ఒక రిపేరులాగే కనిపించింది వాళ్ళకి. డ్రైవ్‌వేలో ఆటలు నిషేధమని బోర్డు పెట్టారు. లాన్ మీద నడవకూడదు. క్లబ్‌హౌస్‌లో ఆటల గది ఉంది గానీ, యాప్‌లో బుక్ చేసుకోవాలి, పెద్దవాళ్ళు తోడుండాలి. గార్డుల మెళ్ళో ఈలలు వేలాడాయి. ఏ పిల్ల గట్టిగా నవ్వినా ఈల మోగేది. సీసీ కెమెరాలో దొరికిన పిల్లల ఫోటోలు రెసిడెంట్స్ గ్రూపులో రావడం మొదలైంది, మొహాల చుట్టూ ఎర్ర గీతలతో.

పిల్లలు ఆగలేదు. గొంతులు తగ్గించి ఆడారు. గుసగుసగా 'లింగోచ' అనుకోవడం నేను చూశాను. అంత నవ్వొచ్చే దృశ్యం, అంత బాధేసే దృశ్యం అదొక్కటే.

ఒక సాయంత్రం నేను ఆఫీసులో ఉండగా పక్క ఫ్లాటు ఆవిడ ఫోన్ చేసింది. పోలీసులొచ్చారు, పిల్లల్ని సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు, మీ చిన్ని కూడా ఉంది అని. నేను క్యాబ్‌లో ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. వచ్చేసరికి గది బయట జనం. లోపల గోడ పక్కన వరసగా పిల్లలు, చేతులు కట్టుకుని. ఒకడు వెక్కిళ్ళు పెడుతున్నాడు. టేబుల్ మీద, ఏదో దొంగతనంలో పట్టుబడ్డ సొత్తులాగా, టైల్స్ ముక్కలూ టెన్నిస్ బంతీ. ఎవరో కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, కొందరు పోకిరీలు రాళ్ళు విసురుతున్నారని చెప్పారట. వచ్చిన కానిస్టేబుళ్ళు ఇద్దరూ, వచ్చాక చూసింది పిల్లలనే అయినా, వచ్చినందుకు ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు గదమాయించారు. స్టేషన్‌కి తీసుకుపోతామన్నారు. నాన్నల ఫోన్ నంబర్లు అడిగారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి ఫోటో తీశారు.

ఆ వరసలో చిట్టచివర, నేలమీద, నీలం బూట్ల కాళ్ళు ముందుకి చాపుకుని అవ్వ కూర్చుని ఉంది.

"అమ్మా, మీరు పెద్దమనిషి. ఇంటికి పోండి" అంటున్నాడు పెద్ద కానిస్టేబుల్.

"పిల్లలను ఇడిస్తె పోత. ఏం జేసిండ్రు వీళ్ళు?"

"రాళ్ళు ఇసురుతున్నరని ఫోనొచ్చింది."

"రాళ్ళు ఇసరలే. పేర్చిండ్రు. ఇసిరింది బాలు. అది గూడ నేనే ఇసిరిన. రాసుకో నా పేరు. ఫోటో గూడ తియ్యి."

"ఆటలాడే వయసా అమ్మా మీది?"

"నాది గాదు. మరి వీళ్ళది ఆడే వయసే గద. వీళ్ళనెందుకు పట్టుకున్నవ్ కొడుకా?"

చిన్న కానిస్టేబుల్ గోడవైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికని నాకు అర్థమైంది. ఇంకోసారి కంప్లైంట్ రానివ్వద్దని తల్లిదండ్రులకి ఒక మాట చెప్పి వాళ్ళు బండెక్కి వెళ్ళిపోయారు. అవ్వ లేవడానికి ఇద్దరు పిల్లలు చెయ్యిచ్చారు. లేస్తూ లేస్తూ టేబుల్ మీది బంతి తీసి కొంగులో వేసుకుంది.

అక్కడితో అయిపోతే ఇది నవ్వుకునే కథే. మర్నాడు పొద్దున గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. అందులో చిన్ని టైలు ముక్క పట్టుకుని చెయ్యి పైకెత్తి ఉంది, మొహం చుట్టూ ఎర్ర గీత. సీనియర్ సిటిజన్ల ప్రశాంతతకి భంగం కలిగిస్తున్న పిల్లలు అని దానికింద ఇంగ్లీషులో రాశారు. బస్సులో ఎవరో చిన్నిని 'రెడ్ సర్కిల్' అని పిలిచారు. అంతే, అది ముడుచుకుపోయింది. స్కూలు నుంచి వచ్చి గదిలో కూర్చునేది. లిఫ్టులో గార్డు కనిపిస్తే నా వెనక్కి చేరేది. ఏమైనా తెమ్మని కింద షాపుకి పంపితే, "నువ్వు రా" అనేది. రోజంతా కాళ్ళు ఒక్కచోట నిలవని పిల్ల కిటికీకి కర్టెన్ వేసి కూర్చుంటే ఆ ఇంట్లో ఉండటం ఎంత కష్టమో ఏ తల్లికైనా తెలుస్తుంది. మావారు కమిటీతో మాట్లాడారు. ఫోటో తీసేస్తామన్నారు. తీసేయలేదు.

నేను అవ్వ దగ్గరికి వెళ్ళి ఆ ఇంగ్లీషు మెసేజ్ చదివి చెప్పాను.

"సీనియర్ సిటిజన్ అంటె ఎవలు?" అంది.

"పెద్ద వయసువాళ్ళండి. అంటే మీరే."

వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లేకుండా చూశాను. "నాకు ప్రశాంతత గావాల్నని నేనెప్పుడు జెప్పిన? ఎవలకు జెప్పిన? నా పేరు మీద పోరగాండ్లను పట్టిస్తరా? బతికుండంగనే నన్ను ఫోటోల పెట్టి దండేద్దామని చూస్తుండ్రా ఏంది?" అంది. టీవీ కట్టేసింది. ఆమె టీవీ కట్టేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రమే మా ఇంటి బెల్లు మోగింది. అవ్వ నన్ను పక్కకి తప్పించి నేరుగా చిన్ని గదిలోకి నడిచింది. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె ఓదార్చలేదు.

"మా జట్టుల ఒక మనిషి తక్కువైతున్నది. లే" అంది.

"నేను రాను అవ్వా. పోలీసులొస్తారు."

"వస్తె రానీ. వాళ్ళను గూడ ఆటల కలుపుకుందం. ఆ చిన్న పోలీసాయన మంచిగ ఉరుకుతడు, చూసిన నేను. నా తరపున ఉరుకుతడు."

చిన్ని నవ్వలేదు గానీ, "ఆయన మా టీమ్‌లోకి రావాలి. నీకు ఆల్రెడీ రన్నర్ ఉన్నాడు" అంది. అవ్వ కాదంది. ఇద్దరూ వాదించుకున్నారు. లేని పోలీసు కోసం చాలాసేపు వాదించుకుని, ఆ వాదన తేలకుండానే లిఫ్టెక్కారు. చిన్ని కింద కూడా అవ్వ చీర కుచ్చెళ్ళు వదల్లేదు. కానీ కిందికి దిగింది. నాకది చాలు.

గార్డు ఈల ఊదాడు. అతను నాగర్‌కర్నూలు వైపు మనిషి. అవ్వంటే ఇష్టమే, కానీ ఊదకపోతే అతని ఉద్యోగానికే ఎసరు. అవ్వ పిల్లలెవరూ అతన్ని ఒక్క మాట అనకుండా చూసింది. "నీ డ్యూటీ నువ్వు జెయ్ కొడుకా. నువ్వు ఊదు, మేం ఆడ్తం" అంది. పిల్లలు రెండు నిమిషాల్లో ఆ ఈలని కూడా ఆటలో కలిపేసుకున్నారు. ఈల వినపడితే బంతి వెయ్యాలి. అది తెలిశాక గార్డు కూడా సమయం చూసి ఊదడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆదివారం క్లబ్‌హౌస్‌లో జనరల్ బాడీ మీటింగ్ జరిగింది. అవ్వ పిల్లలందరినీ వెంటేసుకుని వచ్చి ముందువరసలో కూర్చుంది. సెక్రటరీ నిబంధనలు ఇంగ్లీషులో చదువుతుంటే, తెలుగులో చెప్పమంది. ఆయన చెప్పాడు. పెద్దవాళ్ళ ప్రశాంతత అన్న దగ్గర ఆమె లేచి నిలబడింది.

"నేనే పెద్దదాన్ని. నాకంటె పెద్దోళ్ళు ఈడ ఎవలూ లేరు. నాకేం పరేషాన్ లేదు. మరి సప్పుడుతోని నిజంగ పరేషాన్ అయితున్నది ఎవలు? లేసి చెప్పుండ్రి. నా పేరు మాత్రం చెప్పకుండ్రి."

చివరికి వెనకవరసలోంచి ఒకాయన లేచాడు. అవ్వ ఇంటి పైఫ్లాటులో ఉండే సాఫ్ట్‌వేర్ ఆయన. కళ్ళకింద నల్లటి చారలు. "నేనండీ" అన్నాడు. "నాకు రాత్రంతా పని. మధ్యాహ్నం పడుకుంటాను. నిద్ర పట్టిన కాసేపటికే కింద అరుపులు మొదలవుతాయి. నెలలుగా సరిగ్గా నిద్రలేదు. ఆ రోజు పోలీసులకి ఫోన్ చేసింది కూడా నేనే. పిల్లలు ఆడుతున్నారంటే రారని రాళ్ళు అని చెప్పాను. ఇంతదూరం వెళ్తుందనుకోలేదు."

హాలంతా గొడవ లేచింది. వెక్కిళ్ళు పెట్టిన పిల్లవాడి తండ్రి ఆయన మీదకి వెళ్ళబోయాడు. నేనూ కుర్చీలోంచి లేచాను, ఏం అనబోయానో నాకు తెలియదు. అవ్వ చెయ్యెత్తింది.

"నా మీది ఇల్లే గద నీది. ఒక్క అంతస్తు దిగొచ్చి నాకొక మాట జెప్పకపోతివి?"

"ఎవరికి చెప్పాలో తెలియలేదు అవ్వా."

"తలుపు తెరిచే ఉంటది. ఇన్నేండ్లసంది తెరిచే ఉన్నది." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "ఎప్పటిదాక పంటవు?"

"ఆరు దాకా."

"ఆరు దాక అవుతలి దిక్కు ఆడ్తం. ఆరు గొట్టినంక మా దిక్కు. మంచిదేనా? గింత ముచ్చటకు పోలీసులెందుకయ్య?"

ఆయన తల ఊపాడు. "సారీ అవ్వా" అన్నాడు.

"నాకెందుకు? నా మొఖం సుట్టు ఎర్ర గీత ఎవలన్న గీసిండ్రా? గా పొల్లకు జెప్పు."

అంతమంది ముందు ఆయన కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి చిన్ని ముందు గొంతుక్కూర్చున్నాడు. "సారీ రా తల్లీ. తప్పు నాది, నీది కాదు" అన్నాడు. చిన్ని అవ్వ వైపు చూసింది, నా వైపు చూసింది. కొన్ని వారాలుగా బయటివాళ్ళతో ఒక్క మాటా మాట్లాడని పిల్ల.

"మీకు లింగోచ వచ్చా?" అంది.

"చిన్నప్పుడు ఆడేవాణ్ణి."

"అయితే మీరు మా టీమ్. అవ్వ వాళ్ళ టీమ్ ఎప్పుడూ తొండి చేస్తుంది."

"ఎవలు? తొండి ఎవలు జేస్తరు?" అని అవ్వ అరిచిన అరుపుకి హాలంతా ఘొల్లుమంది. సెక్రటరీ కూడా నవ్వాడు. ఫోటోలు ఆ రోజే తీసేశారు. వెనకవైపు డ్రైవ్‌వేలో సాయంత్రాలు ఆడుకోవచ్చని తీర్మానం చేశారు. బోర్డు మాత్రం ఎందుకో తీయలేదు. పిల్లలు దానికి ఇప్పుడు స్వెటర్లూ నీళ్ళ సీసాలూ తగిలిస్తారు.

పైఫ్లాటు ఆయన నిజంగానే ఆటకి వచ్చాడు. మొదట్లో కాఫీ కప్పు పట్టుకుని నిలబడేవాడు. తర్వాత కప్పు గోడమీద పెట్టేవాడు. ఆ తర్వాత కప్పు తీసుకురావడమే మానేశాడు. ఆయన పరిగెడుతుంటే పొట్టకి గురిచూసి బంతి వేసేది అవ్వ. తగిలినప్పుడల్లా, "నిద్ర మంచిగ పడ్తది ఇయ్యాల" అనేది. ఒకరోజు వాన దంచి కొడుతుంటే అందరం వరండాలో ఇరుక్కున్నాం. ఆట ఆగిపోయిందని పిల్లలు మూతులు ముడిస్తే, కారుతున్న పైపుకింద పెంకులు పేర్పించి, నీళ్ళకి అవి పడకముందే 'లింగోచ' అని ఎవరు అరుస్తారో అని పందెం పెట్టింది. ఓడినవాళ్ళు ఏడవాలని, గెలిచినవాళ్ళు ఎగరాలని ఆమె పట్టుదల. ఓడి కూడా ఏం ఫరవాలేదని పెద్దమనిషిలా నిలబడిన పిల్లవాణ్ణి చూసి, "గిట్ల నిలవడితె ఏం మజా? జర ఏడ్వు బిడ్డా" అని బతిమాలింది.

ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, ఆటంటే మీకింత ప్రాణం ఎందుకండి అని. వెనక్కి చూసి, నవ్వి, తర్వాత చెప్పింది. "నేను చిన్నప్పుడు ఆడలే బిడ్డా. పిట్టలు తోలుడు, తమ్మున్ని సంకనేసుకునుడు. అందరు ఆడుతుంటె తమ్మున్ని ఎత్తుకోని ఒక పక్కకు నిలవడి సూస్తుంటి. వాణ్ణి దించి ఒక్క ఆట ఆడదామంటె వాడు ఏడ్సుడు. గప్పుడే లగ్గమైంది. ఇగ చేను, పిల్లలు. నా వంతు ఇప్పుడొచ్చింది. ఇడిసిపెడ్తనా?" ఆ మాట అంటున్నప్పుడు ఆమెలో బాధ ఏమీ లేదు. క్యూలో ఎంతోసేపు నిలబడి, చివరికి కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషి మొహంలో ఉండే వెలుగుంది.

అందుకే నేను ఆమె కోసం ఏడ్చాను గానీ జాలిపడలేదు. తన వంతు ఆమె పూర్తిగా ఆడుకుంది.

పోయిన రోజు మధ్యాహ్నం ఆమెను డప్పులతో సాగనంపారు. నిండుగా బతికిన మనిషి అని వాళ్ళవైపు బంధువులు గేటు దాకా అడుగులేస్తూ నడిచారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకోకుండా పైఫ్లాటు ఆయన పాడెకి ఒక భుజం పట్టాడు.

మర్నాటి సాయంత్రం పిల్లలు డ్రైవ్‌వేలోకి వచ్చారు గానీ ఆడలేదు. చావు జరిగిన ఇల్లు, గోల చేయకూడదని మేమే ఇళ్ళల్లో చెప్పి పంపాం. ఇంతకాలం ఆడనివ్వండని కొట్లాడిన మేమే. మెట్లమీద వరసగా కూర్చుని నేలమీద గీతలు గీసుకుంటున్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మొదటి అంతస్తు బాల్కనీలోకి అవ్వ పెద్దకొడుకు వచ్చాడు. గుండు, మెడలో తువ్వాలు. కిందికి చూశాడు.

"ఏంది, ఆడ్తలేరు?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "మీ ఇంట్లో..." అని ఆగిపోయాడు ఆరో క్లాసు కుర్రాడు.

"అందుకే చెప్తున్న. మా ఇంట్ల సప్పుడే లేదు నిన్నటిసంది. కూసోబుద్ధి అయితలేదు." ఆయన రెయిలింగ్ పట్టుకుని ముందుకి వంగాడు. "జర ఆడుండ్రి బిడ్డా. గట్టిగ ఆడుండ్రి."

ముందుగా లేచింది చిన్నే. ఒక్కొక్క పెంకే పేర్చింది. మొదట మెల్లిగా, మొహమాటంగా ఆడారు. తర్వాత ఎవరో పడ్డారు, ఎవరో తొండి అన్నారు, ఇంకెవరో కాదన్నారు. చూస్తుండగానే అది మామూలు గొడవైపోయింది. నేను తలెత్తి చూశాను. పైన అవ్వ కోడలు ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి నడుస్తూ, కిటికీలు ఒక్కొక్కటే బార్లా తెరుస్తోంది.